తల్లిదండ్రులకు ‘విద్యా బాండ్లు’ అమ్మి కాలేజీ బిల్డింగ్ కట్టొచ్చా? అమెరికాలో ఇలాగే కడతారట, నిజమేనా?

అడిగినవారు: సరూర్‌నగర్ అకౌంటెంట్

అందరికీ నమస్కారం. సరూర్‌నగర్ వైపు ఒక ఎడ్యుకేషనల్ సొసైటీలో 19 ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మాకు ఒక హైస్కూలు, ఒక జూనియర్ కాలేజీ ఉన్నాయి. స్కూలుకు సొంత బిల్డింగే. కాలేజీది అద్దె కొంప. కింద స్వీట్ షాపు, మొబైల్ రిపేరు షాపు, పైన రెండంతస్తుల్లో మేము. దీన్ని మిక్స్‌డ్ ఆక్యుపెన్సీ అంటారు. ఏటా అఫిలియేషన్ టైమ్‌కి ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) దగ్గరికి వచ్చి బండి ఆగిపోతుంది. పిల్లల పరీక్ష ఫీజు గడువు దగ్గర పడే కొద్దీ మా ప్రిన్సిపాల్‌ గారికి బీపీ, నాకు టెన్షన్.

అందుకని స్కూలు వెనక ఉన్న 800 గజాల్లో కాలేజీకి సొంతంగా జీ ప్లస్ 3 కట్టాలని కమిటీలో తీర్మానం చేశారు. ల్యాబులు, లిఫ్టు, ఫైర్ పైపులు, బెంచీలు అన్నీ కలిపి ఎస్టిమేటు 6 కోట్లు.

బ్యాంకు వాళ్లు ఏడు నెలలు తిప్పారు. ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలను మేం ఆదాయంగా చూపిస్తే, ఆ మేనేజరు పెన్సిల్‌తో వాటి కింద గీత గీసి ‘వచ్చాక చూద్దాం’ అన్నాడు. తప్పు పట్టలేను, నేనైనా అదే అంటాను. తర్వాత ఒక ఫైనాన్స్ కంపెనీ 12.75 శాతానికి, ఏడేళ్లకు ఇస్తానంది. లెక్క వేస్తే నెలకు 10 లక్షల 83 వేలు ఈఎంఐ. మాకు జూన్, జూలైల్లో ఫీజులు బాగానే వస్తాయి. నవంబరు దాటితే ఫోన్లు చేసి బతిమాలుకోవడమే. ఈఎంఐకి నవంబరు, జూన్ అని తేడా ఉండదు కదా.

ఇక అసలు సంగతి. మా సెక్రటరీ గారి అబ్బాయి అమెరికాలో ఉంటాడు. పోయిన నెల మీటింగులో సెక్రటరీ గారు అన్న మాట: ‘మా పోరడు చెప్తుండు, అమెరికాల గవర్నమెంటే బాండ్లు తీసి ప్రైవేటు కాలేజీలకు పైసలు ఇప్పిస్తదట. మనం ఎందుకు తియ్యొద్దు? మన పేరెంట్సే కొంటరు.’ ఎవరూ కాదనలేదు. మిర్చి బజ్జీలు వేడిగా ఉన్నాయి, అందరూ వాటి మీద ఉన్నారు.

ఊరికే అన్నారనుకున్నాను. మొన్న సోమవారం కోఠిలో నమూనా కొట్టించుకొని వచ్చి నా టేబుల్ మీద పెట్టారు. మందపాటి కాగితం, చుట్టూ ఆకుపచ్చ అంచు, మధ్యలో లేత రంగులో సరస్వతీ దేవి. పైన ‘విద్యా బాండ్’. 50,000 రూపాయలు, 5 సంవత్సరాలు, ఏడాదికి 9 శాతం వడ్డీ. అంటే కొన్నవాళ్లకు ఏటా వడ్డీ ఇచ్చి, ఐదో ఏడు చివర అసలు తిరిగిస్తామని. ఇలాంటివి 1,200 అమ్మితే 6 కోట్లు. కింద సంతకాలకు రెండు గీతలు. ఒకటి సెక్రటరీది. రెండో గీత కింద ‘అకౌంటెంట్’ అని ఉంది. అంటే నేనే.

వచ్చే రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్. అప్పటికల్లా చెప్పాలి. అమెరికాలో నిజంగా అలా ఇస్తారా? మన జీహెచ్ఎంసీ (హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్) కూడా 2018లో బాండ్లు అమ్మింది కదా, మేం అమ్మితే తప్పేంటి? ఆ రెండో గీత మీద నేను సంతకం పెట్టొచ్చా?

---

జవాబు: మలక్‌పేట రిటైర్డ్

సంతకం మాత్రం పెట్టకండమ్మా. మిగతాది పెద్దవాళ్లు చెప్తారు. ప్రామిసరీ నోటు మీద సరస్వతీ దేవిని అచ్చేస్తే బాండ్ అయిపోదు.

---

జవాబు: నల్లగొండ టు పెన్సిల్వేనియా

మేడమ్, నేను ఇక్కడ ఒక చిన్న ప్రైవేటు కాలేజీ ఫైనాన్స్ ఆఫీసులో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. బాండ్ల ఫైలు నా దగ్గరే ఉంటుంది కాబట్టి చెప్పగలను. సెక్రటరీ గారి అబ్బాయి చెప్పింది సగం నిజం. ‘ప్రభుత్వం బాండ్లు తీస్తుంది’ వరకు కరెక్టు. ‘పైసలు ఇప్పిస్తది’ దగ్గర తేడా వచ్చింది.

ఇక్కడ చాలా రాష్ట్రాల్లో దీనికోసమే ఒక సంస్థ ఉంటుంది. న్యూయార్క్‌లో డార్మిటరీ అథారిటీ అని 1944లో పెట్టారు. పేరులోనే ఉంది, టీచర్ ట్రైనింగ్ కాలేజీలకు హాస్టళ్లు కట్టడానికి మొదలైంది. తర్వాత ప్రైవేటు యూనివర్సిటీలకు, ఆస్పత్రులకు కూడా బాండ్లు తీస్తోంది. కాలిఫోర్నియాకూ, మా పెన్సిల్వేనియాకూ ఇలాంటివి ఉన్నాయి. అథారిటీ తన పేరు మీద బాండ్ అమ్ముతుంది, వచ్చిన డబ్బు కాలేజీకి అప్పుగా వెళ్తుంది, ఆ అప్పు కట్టేది కాలేజీ ఒక్కటే. బాండ్ పుస్తకం మొదటి పేజీలోనే బోల్డ్ అక్షరాల్లో రాస్తారు, ఇది రాష్ట్రం అప్పు కాదు, రాష్ట్రం పన్నుల డబ్బు దీనికి పూచీ కాదు అని. మన ఊళ్లో సర్పంచ్‌ గారి అరుగు మీద కూర్చొని నోటు రాసుకుంటాం చూడండి, అలాంటిది. అరుగు ఆయనది, అప్పు మనది.

మరి అథారిటీ ఎందుకు, నేరుగా కాలేజీయే అమ్ముకోవచ్చు కదా అంటే, పన్ను కోసం. అథారిటీ పేరు మీద తీస్తే కొన్నవాడికి వచ్చే వడ్డీ మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. లాభాపేక్ష లేని సంస్థలకే ఈ సదుపాయం, ఇక్కడ 501సీ3 అంటారు. పై శ్లాబులో 37 శాతం పన్ను కట్టేవాడికి మామూలు బాండ్ మీద 6 శాతం వస్తే చేతికి మిగిలేది 3.78. అదే పన్ను లేని బాండ్ 4.2 ఇచ్చినా వాడికి లాభమే. అందుకే తక్కువ వడ్డీకి ఒప్పుకుంటాడు. ఆ తగ్గిన వడ్డీ కాలేజీకి మిగులుతుంది. ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు, పన్ను వదులుకుంది, అంతే.

గడువు కూడా పెద్ద సంగతే. ఇక్కడ 30 ఏళ్ల బాండ్ మామూలు. మీ 6 కోట్లే 5 శాతానికి 30 ఏళ్లకు దొరికిందనుకోండి, నెలకు 3 లక్షల 22 వేలు. మీ ఫైనాన్స్ కంపెనీ చెప్పిన దానిలో మూడో వంతు కూడా లేదు. కానీ ఆ లెక్క చూసి ఆశపడొద్దు. డాలరు వడ్డీ వేరు, రూపాయి వడ్డీ వేరు. పైగా మీ 6 కోట్లు ఇక్కడి డబ్బులో సుమారు 7 లక్షల డాలర్లు. అంత చిన్న మొత్తానికి లాయర్లు, రేటింగు (అప్పు తీర్చే సత్తాకు వేసే మార్కులు), కొన్నవాళ్ల తరఫున లెక్క చూసే ట్రస్టీ బ్యాంకు ఖర్చులు పెట్టుకొని ఎవరూ బాండ్ తీయరు, స్థానిక బ్యాంకుకే వెళ్తారు. ఆ ఖర్చులకు బాండ్ సొమ్ములో 2 శాతం కంటే ఎక్కువ వాడకూడదని చట్టమే ఉంది.

షరతులు చాలా ఉన్నాయి. అమ్మే ముందు పబ్లిక్ హియరింగ్ పెట్టాలి, ఆ తర్వాత ఎన్నికైన అధికారి ఒప్పుకోవాలి. 1982 నుంచి ఈ రూలు ఉంది. మా హియరింగ్‌కి నేను వెళ్లాను. టౌన్ హాల్లో చిన్న గది, పొడవాటి టేబుల్, ఒక నీళ్ల జగ్గు. అథారిటీ నుంచి ఇద్దరు, నేను, మా లాయరు. పత్రికలో ప్రకటన వేశాం, ఒక్క మనిషి రాలేదు. అథారిటీ నుంచి వచ్చినావిడ నోటీసు చదివింది, ‘ఎవరైనా మాట్లాడతారా?’ అని ఖాళీ కుర్చీలను అడిగింది, రెండు నిమిషాలు ఆగి ముగించింది. నవ్వొచ్చింది కానీ ఎవరైనా వచ్చి అడిగే హక్కు ఉంది కదా, అది చిన్న విషయం కాదు.

ఆ డబ్బుతో ప్రార్థనా మందిరం కట్టకూడదు. 1973లో సౌత్ కరోలినాలో ఒక బాప్టిస్ట్ కాలేజీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మతానికి వాడే కట్టడాలు మినహాయిస్తే మిగతా వాటికి బాండ్లు తీయొచ్చని తీర్పు వచ్చింది. ఒకప్పుడు ఒక్కో కాలేజీకి 15 కోట్ల డాలర్ల పరిమితి కూడా ఉండేది, 1986లో పెట్టి 1997లో ఎత్తేశారు.

కాలేజీ మూతపడితే? 2024లో ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ వారం ముందు చెప్పి జూన్ 7న మూసేసింది. దానికీ బాండ్ల అప్పు ఉంది. ఆ వార్త చదివిన రోజు మా ఆఫీసులో లంచ్ ఎవరికీ దిగలేదు. కొన్నవాళ్లు ఆస్తుల మీద పడాల్సిందే, రాష్ట్రం వచ్చి కట్టదు.

మా కాలేజీ ఆడిట్, అడ్మిషన్ల సంఖ్య, చేతిలో ఎన్ని రోజులకు సరిపడా నగదు ఉంది, అన్నీ ఏటా ఎమ్మా అనే వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ పేరెంట్స్ 1,200 మందికి మీ బ్యాలెన్స్ షీట్ చూపించడానికి మీ కమిటీ సిద్ధమా? ముందు అది అడగండి.

---

సరూర్‌నగర్ అకౌంటెంట్:

చాలా థాంక్స్ తమ్ముడూ. వయసు తెలియదు, తమ్ముడనే అనుకుంటున్నాను. సర్పంచ్ అరుగు మాట సెక్రటరీ గారికి అలాగే చెప్తాను, ఆయనకు బాగా ఎక్కుతుంది. బ్యాలెన్స్ షీట్ గురించి మాత్రం అడగాల్సిన పని లేదు. కమిటీ మెంబర్లకు చూపించడానికే ఆయన అద్దాలు వెతుక్కుంటారు.

జీహెచ్ఎంసీ సంగతి ఎవరైనా చెప్తారా? రేపు ఆయన వేసే మొదటి ప్రశ్న అదే.

---

జవాబు: హిమాయత్‌నగర్ సీఏ

మేడమ్, వృత్తిరీత్యా ట్రస్టులు, సొసైటీలు ఎక్కువ చూస్తుంటాను. ఫీజు లేకుండా చెప్తున్నాను, కాబట్టి కాస్త తిడతాను కూడా.

జీహెచ్ఎంసీ ఫిబ్రవరి 2018లో 200 కోట్లు 8.9 శాతానికి తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు 9.38కి. 2019లో 100 కోట్లు 10.23కి. వరుస చూశారా, ప్రతిసారీ వడ్డీ పెరిగింది. ఫ్లైఓవర్లు, రోడ్ల కోసం తెచ్చిన డబ్బు అది. క్రెడిట్ రేటింగ్ ఉంది, ఆస్తి పన్ను వసూళ్ల బలం ఉంది, స్టాక్ ఎక్స్ఛేంజీ ప్లాట్‌ఫారం మీద పెద్ద సంస్థలు బిడ్లు వేసి కొన్నాయి. ఉప్పల్లో ఉండే ఆటో డ్రైవరుకు గేటు దగ్గర నిలబెట్టి అమ్మలేదు. ఆస్తి పన్ను కట్టకపోతే మునిసిపాలిటీ మన గుమ్మానికి నోటీసు అంటిస్తుంది. ఫీజు కట్టకపోతే మీరు ఫోన్ చేసి బతిమాలుతారు. మీరే రాశారు ఆ మాట.

అమెరికా పద్ధతి ఇక్కడ ప్రైవేటు కాలేజీలకు లేదు. కేంద్రం 2017లో కెనరా బ్యాంకుతో కలిసి హెఫా అనే సంస్థ పెట్టింది, అది అప్పిచ్చేది ఐఐటీలు, సెంట్రల్ యూనివర్సిటీల్లాంటి ప్రభుత్వ సంస్థలకు. పన్ను లేని బాండ్లు మన దగ్గర కూడా ఉండేవి, హైవేలవాళ్లు, రైల్వే ఫైనాన్స్ వాళ్లు తీసేవారు. 2015-16 తర్వాత కొత్తవి రాలేదు. వాటిలో ఏదీ ఎవరి జూనియర్ కాలేజీకీ కాదు.

మీకు ఎవరో ఒకరు సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (సేవా సంస్థలు జనం దగ్గర డబ్బు సేకరించే వేదిక) అని చెప్పి ఆశ పెడతారు. ముందే చెప్తున్నాను. 2019 బడ్జెట్‌లో ప్రకటించారు, 2022లో సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నిబంధనలు వచ్చాయి. దాంట్లో ట్రస్టులు, సొసైటీలు కూడా ‘జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్’ అనే పత్రం అమ్మొచ్చు. పేరు విని సెక్రటరీ గారు సంబరపడతారేమో. దానికి అసలూ లేదు, కొసరూ లేదు. కొన్నవాడికి రూపాయి తిరిగి రాదు, అది విరాళం. మొదటిది డిసెంబరు 2023లో బెంగళూరులో యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే ఉన్నతి ఫౌండేషన్ తీసింది, వచ్చింది దాదాపు 1.8 కోట్లు. ఒక సంస్థ తీసే కనీస ఇష్యూ 50 లక్షలు. ఒక్కొక్కరు పెట్టాల్సిన కనీస దరఖాస్తు మొత్తాన్ని 2025లో 1,000 రూపాయలకు తగ్గించారు. పేద పిల్లల కోసం కచ్చితమైన ప్రాజెక్టు ఉంటే మంచి దారే, చెడ్డది అనను. ఫీజులు తీసుకునే కాలేజీ బిల్డింగ్‌కి ఎవరిస్తారు?

ఇప్పుడు మీ ఆకుపచ్చ కాగితం. కంపెనీ అయితే డిబెంచర్లు (కంపెనీ ఇచ్చే అప్పు పత్రాలు) ఇవ్వొచ్చు, దానికీ బోలెడు తతంగం ఉంది. మీది సొసైటీ. వడ్డీ ఇస్తామని, అసలు తిరిగిస్తామని రాసి 1,200 మంది దగ్గర డబ్బు తీసుకుంటే మీరు దానికి బాండ్ అని పేరు పెట్టినా, ప్రసాదం అని పెట్టినా, చట్టం దాన్ని డిపాజిట్‌గానే చూసే ప్రమాదం ఉంది. 2019లో అనుమతి లేని డిపాజిట్ స్కీముల నిషేధ చట్టం వచ్చింది. ‘తిరిగి ఇస్తామనే హామీతో తీసుకున్న డబ్బు’ అనే నిర్వచనం చాలా వెడల్పుగా ఉంటుంది, ట్రస్టులను కూడా పేరు పెట్టి చేర్చారు. అలాంటి డిపాజిట్ తీసుకున్నందుకు 2 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా విడిగా. ‘మా కేసు దానికిందకి రాదు’ అని వాదించే లాయరు దొరుకుతాడు. అది కోర్టులో నిలబడి వాదించుకోవాల్సిన సంగతి. నిలబడేది సంతకం పెట్టినవాళ్లు.

సీటు కోసం వచ్చిన తల్లిదండ్రులతో బాండ్ కొంటేనే చేర్చుకుంటాం అన్నారో, సీటుకు అదనంగా డబ్బు గుంజడాన్ని నిషేధించిన 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు చట్టం మీద పడుతుంది. అలా అనకపోయినా, కొన్నవాళ్ల పిల్లాడికి ఏ సెక్షన్, కొననివాళ్ల పిల్లాడికి ఏ సెక్షన్ అని స్టాఫ్ రూమ్‌లో లెక్కలు మొదలవుతాయి. 50 వేలు క్యాష్‌గా తీసుకుంటే అదొక గొడవ. 20 వేలు, ఆపైన అప్పుగానీ డిపాజిట్‌గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా కట్టించుకునే వీలుంది.

ఇంకోటి, ఇది మీకు నేరుగా పనికొస్తుంది. ట్రస్టులు, సొసైటీలు పన్ను మినహాయింపు కోసం ఆదాయంలో 85 శాతం ఖర్చు చూపించాలి కదా. అప్పు తెచ్చి కట్టిన బిల్డింగ్ ఆ ఏడాది ఖర్చు కింద రాదు, ఆదాయంలోంచి అప్పు తీర్చినప్పుడే వస్తుంది. 2023 ఫైనాన్స్ యాక్ట్‌లో దానికి ఐదేళ్ల గీత గీశారు. ఖర్చు పెట్టిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు తీర్చింది మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఏడేళ్ల లోను తీసుకుంటే చివరి కిస్తీలు ఈ గీత దాటిపోవచ్చు. పెన్సిల్వేనియా తమ్ముడు చెప్పిన 30 ఏళ్ల అప్పు రేపు ఎవరైనా తెచ్చి చేతిలో పెట్టినా, పాతికేళ్ల కిస్తీలు ఇందులో పోతాయి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మహా చిరాకు.

చివరిగా, ఏడాదికి 54 లక్షల వడ్డీ ఎలాగో కట్టారే అనుకుందాం. ఐదో ఏడు చివర 6 కోట్లు ఒకేసారి ఎక్కడి నుంచి తెస్తారు? ఈఎంఐ కట్టలేమని వచ్చినవాళ్లు ఇది ఎలా కడతారు? సెక్రటరీ గారి దగ్గర దీనికి జవాబు ఉంటే నాకూ చెప్పండి.

---

జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, కొత్తపేట

సీఏ గారు చట్టం చెప్పారు, నేను నా కథ చెప్తాను. ఎనిమిదేళ్ల క్రితం మా పెద్దమ్మాయిని ఒక స్కూల్లో చేర్చినప్పుడు (పేరు వద్దు) రెండు లక్షలు డిపాజిట్ కట్టమన్నారు. పదో తరగతి అయ్యాక మొత్తం తిరిగిస్తాం, అప్పటిదాకా ఫీజులో ఏటా 15 వేలు తగ్గిస్తాం అన్నారు. మా ఆవిడ గాజులు పెట్టి తెచ్చాం. నోటితో చెప్పింది డిపాజిట్. ఇంటికొచ్చి రశీదు చూస్తే దాని మీద ‘బిల్డింగ్ ఫండ్’ అని ఉంది. అడిగితే ‘అలాగే రాస్తాం సార్, ఆడిట్ కోసం’ అన్నారు. మూడేళ్లకు మేనేజ్‌మెంట్ మారింది. కొత్తవాళ్లు రశీదు తిప్పి చూసి, ‘ఇది విరాళం కదా’ అన్నారు. ఫీజు తగ్గింపు కూడా ఆగిపోయింది. డబ్బు తీసుకున్నప్పుడు కౌంటర్లో కూర్చున్నావిడ ఇప్పటికీ అక్కడే ఉంది, నన్ను చూస్తే తల తిప్పుకుంటుంది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

---

సరూర్‌నగర్ అకౌంటెంట్:

కొత్తపేట అన్నగారూ, మీ చివరి లైను చదివి రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకో ఐదేళ్లకు మా కౌంటర్లో కూర్చొనేది కూడా నేనే.

ఇవాళ ఉదయం సెక్రటరీ గారితో కూర్చున్నాను. మీ జవాబులు ప్రింట్ తీసుకెళ్లాను. అరుగు మాటకు నవ్వారు. జైలు సంగతికి, ‘గవన్నీ పెద్ద పెద్ద చిట్‌ఫండోల్లకు’ అన్నారు. ఐదో ఏడు 6 కోట్ల దగ్గర మాత్రం ఆగిపోయారు. క్యాలిక్యులేటర్ తీసుకొని ఆయనే రెండుసార్లు కొట్టారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ‘మరి పిల్లలు ఆ స్వీటు కొట్టు మీదనే చదవాల్నా?’ అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనలేకపోయాను.

తేలింది ఇదీ. ముందు గ్రౌండ్ ప్లస్ 1, రెండున్నర కోట్లలో. కోటి వరకు మా దగ్గర ఎఫ్‌డీలు ఉన్నాయి. మిగతాది అప్పు, ఐదేళ్లలోపు తీరేలా చూసుకోవాలి (సీఏ గారూ, ఆ గీత సంగతి చెప్పి నిలబెట్టారు). పాత విద్యార్థులను విరాళం అడుగుతాం, విరాళం అనే పేరుతోనే, ఇచ్చినవాళ్లకు పన్నులో మినహాయింపు దొరికే 80జీ రశీదుతో. రెండో శనివారం మీటింగులో బాండ్ ఊసు ఎత్తకూడదని ఆయనే అన్నారు. ఆ నమూనా కాగితం వెనక వైపు తెల్లగా ఉంది కదా అని దాని మీదే కొత్త ఎస్టిమేటు వేసుకున్నాం. ఎంతైనా మందపాటి కాగితం, పెన్ను బాగా నడిచింది.

ఇంకొక్కటి అడగాలి. రెండంతస్తులు కట్టి కాలేజీ మార్చేసి, మూడేళ్ల తర్వాత పైన ఇంకో రెండు వేస్తే ఫైర్ ఎన్ఓసీ మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలా? లేక ఇప్పుడే నాలుగంతస్తులకు ప్లాన్ పాస్ చేయించి పెట్టుకుంటే మంచిదా? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. కొత్త పోస్టు పెట్టమన్నా పెడతాను.